ఒకటో గేరు ఉత్తర్వు

మంత్రిగారి పంచె మీద కాఫీ ఒలికిన రోజున రాష్ట్రంలో ఇంకా చాలా సంగతులు జరిగాయి గానీ ప్రభుత్వం దృష్టికి వచ్చింది అదొక్కటే. ఓ వంతెన శంకుస్థాపనకి వెళుతూ ఆయన కారులో కాఫీ తాగుతున్నారు. డ్రైవరు రెండో గేరు నుంచి మూడో గేరుకి మార్చాడు. కారు ఒక్క ఊపు ఊపింది. సగం కాఫీ పంచె మీదికీ, మిగతా సగం పక్కనున్న కార్యదర్శిగారి ఫైలు మీదికీ పోయింది. మంత్రిగారు ఆ పంచెతోనే వేదిక ఎక్కారు. మర్నాడు పత్రికల్లో వంతెన బొమ్మ చిన్నదిగానూ, మరక బొమ్మ పెద్దదిగానూ పడింది.

దీని మీద ఏకసభ్య సంఘం వేశారు. ఆ ఏకసభ్యుడు వక్కలంక విరూపాక్షం గారు. ఆయన అంతవరకూ చేపల శాఖలో పెద్ద అధికారి. కారు నడపడం రాదు. ఆ కారణంగా ఆయన్ని నిష్పక్షపాతి అని ఎంపిక చేశారు. ఆయన కొన్ని దేశాలు తిరిగి, చాలా కార్లలో వెనక సీట్లో కూర్చుని వచ్చి, లావుపాటి నివేదిక సమర్పించారు. "కుదుపునకు రహదారుల దుస్థితి కారణం కావచ్చునన్న వాదన కలదు. అయితే రహదారులు వేరొక శాఖ పరిధిలోనివి అగుటచే ఆ అంశం పరిశీలించబడలేదు" అని అందులో రాశారు. గేర్లు మార్చే పద్ధతే సర్వ కుదుపులకూ మూలమని తేల్చారు. గేరు సుతారంగా మార్చడమనే విద్యకి స్పోర్ట్స్ కారు పరాకాష్ఠ గనుక, సర్కారు డ్రైవర్లందరికీ స్పోర్ట్స్ కారు మీదే శిక్షణ ఇవ్వాలని సిఫార్సు చేశారు.

అలా పుట్టింది రాష్ట్ర గేరు మార్పిడి శిక్షణ అకాడమీ. విరూపాక్షం గారే దానికి డైరెక్టరు.

*

పెదలంకపాలెం ఏరియా ఆసుపత్రి ఆంబులెన్సు డ్రైవరు యర్రంశెట్టి భద్రరావుకి అకాడమీ నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆసుపత్రిలో అతని కంటే రోగులు ఎక్కువ సంతోషించారు.

భద్రరావు మంచివాడు. ఎండనకా వాననకా పిలిస్తే పలికేవాడు. స్ట్రెచరు ఒక కొస తనే పట్టేవాడు. గేరు దగ్గరే అతనికి చెయ్యి పడేది కాదు. క్లచ్ నొక్కీ నొక్కకముందే గేరు కర్రని గుంజేవాడు. బండి కరకరమని పళ్ళు నూరేది, ఆ తర్వాత ఎగిరి దూకేది. ఓసారి తాటిచెట్టు మీంచి మోకు జారి పడిన గీత కార్మికుణ్ణి తెస్తుంటే, వెనకనుంచి ఆయన మూలుగుతూ అన్నాడు: "ఒరే అబ్బాయ్, చెట్టు మీంచి ఒక్కసారే పడ్డాన్రా. నీ బండెక్కినకాణ్ణించీ పడతానే ఉన్నాను."

ఆ మాట భద్రరావుకి ముల్లులా గుచ్చుకుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. కాబట్టి అకాడమీ పిలుపు చూసి నిజంగానే మురిసిపోయాడు. ఆంబులెన్సు తాళాలు హెడ్ నర్సు సువార్తమ్మకి ఇచ్చి, "నేర్చుకునొచ్చేత్తానండి. ఈసారి బండెక్కినోళ్ళు నిద్దరోవాలండి" అన్నాడు.

"ముందు బేగి రావయ్యా" అంది సువార్తమ్మ. "అకాడమీ సర్టిఫికెట్ లేనోడెవడూ సర్కారు బండి ముట్టుకోకూడదని కాయితం వచ్చింది. నువ్వొచ్చేదాకా మొదటి బ్యాచ్‌లో పాసైన డ్రైవర్ని పంపుతారంట. ఆయనెలాంటాయనో ఏమో."

*

అకాడమీ జాతీయ రహదారి పక్కన, విశాలమైన ఆవరణలో ఉంది. మధ్యలో అద్దాల గది. గదిలో ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, నేలకి కరుచుకున్నట్టు, మెరిసిపోతూ ఉంది. దాని మెడలో బంతిపూల దండ. చుట్టూ తాడు కట్టి, "తాకరాదు" అని బోర్డు పెట్టారు.

భద్రరావు చేతులు వెనక్కి కట్టుకుని, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడి చూశాడు.

"నడిపేది దీన్నేనాండి?" అని పక్కనున్నావిడని అడిగాడు.

ఆవిడ పేరు మెహర్. హైదరాబాదు మనిషి. కొండ దారుల్లో కార్ల పందేలు గెలిచింది. గేరు మార్చడం నేర్పడానికి ఒప్పందం మీద తీసుకున్నారు. ఆ ప్రశ్నకి ఆమె నవ్వింది గానీ అందులో సంతోషం లేదు.

"నేనొచ్చి మూడు నెలలైంది భయ్యా. ఇప్పటిదాంక నేనే దాన్ని నడపలే."

"అదేంటండి?"

"బండి కొన్నరు. తర్వాత చూస్తే గేటు కాడున్న స్పీడ్ బ్రేకర్ మీదికెల్లి అది పోదు, కడుపు తాకుతది. స్పీడ్ బ్రేకర్ తీసెయ్యుండ్రి అంటే, అది మాది కాదు రోడ్ల శాఖదన్నరు. కాంపౌండ్ లోపలనే నడుపుత అంటే, కిలోమీటర్లు తిరిగితే బండి విలువ తగ్గుతదని ఆడిటోళ్ళు అడ్డం పడ్డరు. ఇగ నేనైతే కాంట్రాక్ట్ మనిషిని. సర్కారు బండి స్టీరింగ్ పట్టొద్దంట."

"మరి నేర్పడం ఎలాగండి?"

"రేపు చూస్తవ్ గద" అంది మెహర్.

మర్నాడు చూశాడు. మైదానంలో సిమెంటు దిమ్మల్లో గేరు కర్రలు వరసగా పాతి ఉన్నాయి. ఒక్కో కర్ర ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ. డ్రైవర్లంతా కూర్చున్నాక విరూపాక్షం గారు మైకు ముందుకొచ్చారు. బొద్దుగా, నున్నగా, తెల్లని సఫారీలో ఉన్నారు.

"శిక్షణార్థులారా! గేరు అనగా కేవలం లోహదండము కాదు. అది ప్రభుత్వ వేగమునకూ ప్రజా సౌఖ్యమునకూ మధ్య గల అనుసంధాన వ్యవస్థ. దీనిని మార్చునపుడు తగు జాగరూకత వహించవలసినదిగా ఆదేశించడమైనది. ప్రారంభించుడు! క్లచ్!"

క్లచ్చులు లేవు గనుక అందరూ ఎడమకాలు నేలకేసి నొక్కారు.

"ఒకటి! రెండు! మూడు!"

కర్రలన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఎక్కడా చప్పుడు లేదు, కుదుపు లేదు. విరూపాక్షం గారి కళ్ళు చెమర్చాయి. "చూచితిరా! నూటికి నూరు శాతము కుదుపు రహితము!" అన్నారు.

భద్రరావు చెయ్యెత్తాడు. "అయ్యా, ఇంజనుంటే కదండీ కుదుపు ఉండేది?"

"ఇంజనుకు సంబంధించిన అంశాలు రెండవ దశలో పరిగణనలోకి తీసుకొనబడును."

"రెండో దశ ఎప్పుడండి?"

"మొదటి దశ విజయవంతమైనట్లు నివేదిక ఆమోదం పొందిన పిమ్మట."

*

నివేదిక అయితే ఆమోదం పొందింది గానీ దాని వల్ల ఇంకో చిక్కు వచ్చింది. మొదటి బ్యాచ్‌లో పట్టా పుచ్చుకున్న డ్రైవర్లు తిరిగి వెళ్ళి అసలు బండ్లెక్కేసరికి పూర్వం కంటే ఘోరంగా కుదపడం మొదలెట్టారు. దిమ్మలోని కర్రకి అలవాటైన చెయ్యి, ఇంజనున్న కర్రని చూసి బెదిరిపోయింది. ఒక కలెక్టరుగారి తల ముందు సీటుకి కొట్టుకుంది. ఒక జడ్జిగారి కళ్ళజోడు కిటికీలోంచి బయటికి పోయింది. ఫిర్యాదులు కట్టలు కట్టలుగా వచ్చాయి.

విరూపాక్షం గారు గదిలో తలుపులేసుకుని దీర్ఘంగా ఆలోచించారు. గేరు మార్చినప్పుడే కదా కుదుపు వచ్చేది. మార్చకపోతే? బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది.

"ఏక గేరు విధానము: ప్రభుత్వ వాహనములన్నియు ఏ గేరులో బయలుదేరునో అదే గేరులో గమ్యస్థానమునకు చేరవలెను. గేరు మార్పిడి తక్షణమే నిషేధించడమైనది. ఉల్లంఘన నివారణకై ప్రతి వాహనములోని గేరు దండమునకు ఇనుప పలక అమర్చవలెను."

బండి బయలుదేరేది ఒకటో గేరులో గనుక, ముందుగా ఆ జిల్లాలో సర్కారు బండ్లన్నీ ఒకటో గేరులోనే నడవడం మొదలెట్టాయి. రొదేమో విమానమంత, నడకేమో ఎడ్లబండంత. ఇంజన్లు కాగిపోయి, దారి పొడుగునా ఆగి నీళ్ళు తాగాయి. పోలీసు జీపు ఒక మేకల దొంగని తరిమింది. దొంగ కాసేపు పరుగెత్తి, తర్వాత నడిచి, ఆ తర్వాత టీ తాగి, జీపు దగ్గరికొచ్చేసరికి మేకల్ని తోలుకుని పొలాల్లోకి దిగిపోయాడు. ఫైరింజను ఒక కొబ్బరి పీచు గిడ్డంగికి వెళ్ళేసరికి అక్కడ ఆర్పవలసింది ఏమీ మిగల్లేదు. "ఒక్క చుక్క నీరైనా తొణకలేదు" అని ఫైరు ఆఫీసరు గర్వంగా నివేదించాడు.

కుదుపుల మీద ఫిర్యాదులు మాత్రం ఆగిపోయాయి. విధానాన్ని రాష్ట్రమంతటా అమలు చేయాలని పైనుంచి మెప్పుతో పాటు ఆదేశం వచ్చింది. అకాడమీలో శిక్షణ కూడా సులువైంది. ఇప్పుడు దిమ్మలో కర్రని పట్టుకుని కదపకుండా కూర్చోవాలి, అంతే. భద్రరావు కూర్చోలేక కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం సువార్తమ్మ ఫోను చేసింది. ఆమె గొంతు ఎప్పటిలా లేదు.

"భద్రరావూ, ఊడుపుల్లో నేలపాటి సూరమ్మని పాము కరిసింది. మనూరికీ ఆళ్ళ చేనుకీ ఎంత దూరమో నీకు తెలుసుగా. ఆ సర్టిఫికెట్టాయన మన బండేసుకుని ఎళ్ళాడు. ఆ ఇనప రేకుతో ఒకటో గేర్లో ఎళ్ళి, ఒకటో గేర్లో వచ్చాడు. గేటు కాడ మందు సూదితో నిలబడే ఉన్నాను. బండి కనబడతానే ఉంది నాకు, రోడ్డు మీద. కనబడతానే ఉందయ్యా, రాదే!"

భద్రరావు ఫోను చెవికి అదిమిపట్టుకున్నాడు.

"నెమ్మదిగా తెచ్చాడులే. కుదుపే లేదు" అంది సువార్తమ్మ. అని ఫోను పెట్టేసింది.

భద్రరావు అద్దాల గది మెట్ల మీద కూలబడ్డాడు. సూరమ్మని అతనెరుగును. వాళ్ళ అమ్మాయి పురిటికి బండి తీసుకెళ్ళినప్పుడు బలవంతాన తినిపించి పంపింది. మెహర్ వచ్చి పక్కన కూర్చుంది. అతను చెప్పిందంతా విన్నది.

"నాకు నేర్పండమ్మా" అన్నాడు భద్రరావు. "ఉద్యోగం పోతే పోద్దండి. గేరు మార్చడం రాక మార్చకుండా ఉంటం కాదండి కావాల్సింది. సరిగ్గా మార్చడం కావాలండి."

*

అవకాశం డైరెక్టరుగారే కల్పించారు. అకాడమీ వార్షికోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. అద్దాల గదిలో ఉన్న కారుని వేదిక పక్కకి తేవాలి. నలుగురు కలిసి తోస్తే రంగు మీద వేలిముద్రలు పడతాయని ఆడిట్ వాళ్ళే అభ్యంతరం చెప్పారు. కాబట్టి పర్మినెంటు ఉద్యోగి ఎవరైనా ఇంజను వేసి తీసుకురావచ్చనీ, ఒప్పంద శిక్షకురాలు పక్క సీట్లో కూర్చుని "కేవలము మౌఖిక సూచనలు" ఇవ్వవచ్చనీ ప్రత్యేక అనుమతి వచ్చింది. ఏ దారిన తీసుకురావాలో అందులో రాయలేదు. భద్రరావు ముందుకొచ్చాడు.

"వెనక మైదానం చుట్టుతిరిగి పోదాం" అంది మెహర్ సీటులో కూర్చుంటూ. "ఎన్ని చుట్లో నేను చెప్త."

తాళం తిప్పగానే కారు గొంతు విప్పింది. భద్రరావు ఒళ్ళు ఝల్లుమంది. పాత అలవాటున కర్రని పిడికిలి బిగించి పట్టుకుని గుంజాడు. కారు గుర్రంలా ఎగిరింది, ఆగిపోయింది.

"ఎందుకట్ల గుంజుతున్నవ్? అదేమన్న పారిపోతదా?" అంది మెహర్. "పిడికిలి ఇప్పు. రెండు వేళ్ళు చాలు. చెయ్యితోని కాదు, చెవితోని మార్చాలె. ఇంజన్ ఏమంటుందో ఇను."

మళ్ళీ బయలుదేరారు. ఇంజను కూత పెరిగింది. "ఆ, ఇప్పుడు యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు తియ్యి. క్లచ్ మొత్తం నొక్కు. కర్రను న్యూట్రల్ దాంక తెచ్చి ఒక్క గడియ ఆగు. ఇంజన్ ఆవాజ్ దిగుతుంది సూడు... దిగింది. ఇప్పుడు రెండో గేర్ల ఏస్కో. క్లచ్ ఇడువు, మెల్లగ, కోడిపిల్లను కిందికి దించినట్టు."

మొదటిసారి కారు దగ్గింది. రెండోసారి తుమ్మింది. ఎన్నోసారో తెలియదు, వేప చెట్ల మలుపు దాటుతుండగా భద్రరావు గేరు మార్చాడు, ఏమీ జరగలేదు. కారు మెత్తగా, అడుగు తడబడకుండా సాగిపోయింది. అతను అనుమానంగా కర్ర వంక చూశాడు. అది మూడో గేరులో ఉంది.

"పడిందాండి?" అన్నాడు నమ్మలేక.

"పడింది భయ్యా! నాకే తెల్వలే!"

భద్రరావు పెద్దగా నవ్వాడు. ఊరు విడిచి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

"ఇగ దిగుడు నేర్వాలె. గదే అసలు పని" అంది మెహర్. "పై గేర్లకెల్లి కిందికొచ్చేటప్పుడు చక్రం జోరు మీదుంటది, ఇంజన్ మెల్లగుంటది. ఇద్దరికి లడాయి. అందుకని క్లచ్ నొక్కినప్పుడే యాక్సిలరేటర్ మీద ఒక్క చిటికేస్తవ్. ఇంజన్ లేచి చక్రాన్ని అందుకుంటది. అప్పుడు ఇడువు."

బ్రేకు మీద ఉన్న కాలితోనే యాక్సిలరేటర్ని తట్టడం భద్రరావుకి మొదట అసాధ్యమనిపించింది. మడమ జారింది, చెమట్లు పట్టాయి. మెహర్ తిట్టింది, మెచ్చింది, మళ్ళీ తిట్టింది. పొద్దు వాలేసరికి ఆ ఎర్ర కారు వెనక మైదానంలో ఎక్కుతూ దిగుతూ, ఒక్క తొట్రుపాటు లేకుండా తిరుగుతోంది. వేదిక దగ్గరికి చేరేసరికి విరూపాక్షం గారు గడియారం చూసుకుంటున్నారు.

"ఆలస్యమునకు కారణమేమి?"

"ఒకటో గేర్లో వచ్చామండి" అన్నాడు భద్రరావు.

"భేష్" అన్నారు విరూపాక్షం గారు.

*

వార్షికోత్సవం రోజున మిట్టమధ్యాహ్నమైనా మంత్రిగారు రాలేదు. ఆయన వాహనశ్రేణి పొద్దున్నే బయలుదేరింది. కానీ అది కూడా సర్కారు వాహనశ్రేణే గదా, ఒకటో గేరులో ఇంకా బైపాసు మీదే వస్తోంది. విరూపాక్షం గారు సూటు వేసుకుని, శాలువా చేతబట్టుకుని ఎండలోనే నిలబడ్డారు. ఉన్నట్టుండి ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నారు. ముఖం పాలిపోయింది. శాలువా జారింది, దాని మీదే ఆయనా కూలిపోయారు.

అందరూ ఒకేసారి అరిచారు. "ఆంబులెన్సు!"

అకాడమీ ఆంబులెన్సు సిద్ధంగానే ఉంది, ఇనుప పలకతో సహా. అందులో వెళితే పెదలంకపాలెం ఆసుపత్రికి చేరేది సాయంత్రానికే. సూరమ్మ సంగతి భద్రరావు కళ్ళ ముందు మెదిలింది. పలక లేని బండి ఆవరణలో ఒక్కటే ఉంది. ఎప్పటికీ నడపబోరని దానికి పలక వెయ్యలేదు.

"ఎర్ర కారు!" అంది మెహర్. డైరెక్టరుగారిని ఎత్తి అందులో కూర్చోబెట్టారు. ఆమె స్టీరింగు వైపు పరుగెత్తబోయింది. విరూపాక్షం గారు కళ్ళు తెరిచి, ఊపిరి కూడగట్టుకుని, ఆమె వైపు వేలు చూపించారు.

"ఒప్పంద... ఉద్యోగి... ప్రభుత్వ వాహనము... నిషిద్ధము."

"ప్రాణం పోతుంది సార్!"

"నిబంధన..." అన్నారాయన.

మెహర్ తాళాలు భద్రరావు చేతిలో పెట్టింది. "నువ్వే పో. చెవి పెట్టి ఇను, అంతే."

గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్. శిక్షణార్థులు మంత్రిగారి వేదిక పలకలు పీకి, పరుగున తెచ్చి అటూ ఇటూ వాలుగా పరిచారు. కారు కడుపు తగలకుండా గట్టెక్కి, రహదారి మీద పడింది.

రెండు. మూడు. భద్రరావు రెండు వేళ్ళతో కర్రని తోశాడు, ఇంజను మాట విన్నాడు, కాలు వదిలాడు. నాలుగు. చెట్లు వెనక్కి పరిగెత్తాయి. పక్కన విరూపాక్షం గారు కళ్ళు మూసుకుని, ఛాతీ పట్టుకుని కూర్చున్నారు.

"డ్రైవర్... ఏ గేరు?"

చావు బతుకుల్లో ఉన్న మనిషిని కంగారు పెట్టడం భద్రరావుకి ఇష్టం లేకపోయింది. "ఒకటోదేనండి. తమరు పడుకోండి" అంటూ అయిదో గేరు వేశాడు.

"సంతృప్తికరము" అన్నారు విరూపాక్షం గారు.

బైపాసు మీద మంత్రిగారి వాహనశ్రేణి ఎదురైంది, రొద చేస్తూ, పాకుతూ. మంత్రిగారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, రివ్వున పోయిన ఎర్రటి దాన్ని చూసి, అదేమిటో పోల్చుకోలేక మళ్ళీ లోపలికి పెట్టుకున్నారు.

కాలవ వంతెన దగ్గర గేదెల మంద అడ్డం వచ్చింది. ఒక్కసారి బ్రేకు వేస్తే పక్కనున్న గుండె ఆగిపోతుందేమోనని భయం. భద్రరావు మడమతో యాక్సిలరేటర్ని తట్టాడు. నాలుగు, మూడు, రెండు. కారు మెట్లు దిగే ముసలమ్మంత నెమ్మదిగా దిగింది. చివరి గేదె తోక దాటగానే మళ్ళీ ఎక్కింది. విరూపాక్షం గారి తల సీటు మీంచి కదల్లేదు.

ఆసుపత్రి గేటు దగ్గర సువార్తమ్మ స్ట్రెచరుతో నిలబడి ఉంది. మెహర్ ముందే ఫోను చేసింది. నర్సులు డైరెక్టరుగారిని లోపలికి తీసుకుపోయారు. భద్రరావు కారు దిగి, దాని బానెట్ మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాడు. ఎంతసేపటికో డాక్టరు బయటికొచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదన్నాడు.

సువార్తమ్మ అతని భుజం తట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "సూరమ్మప్పుడు నువ్వుంటే" అంది. అంతే అంది.

*

విరూపాక్షం గారు మంచం మీద లేచి కూర్చోగానే చేసిన మొదటి పని నివేదిక రాయడం. "ఏక గేరు విధానము యొక్క మహత్తును ఈ దిగువ సంతకందారుడు స్వయముగా అనుభవించెను. అత్యవసర స్థితిలో, ఒకటవ గేరులోనే, అత్యంత వేగముగా, లేశమైనను కుదుపు లేకుండ వైద్యాలయమునకు చేర్చబడెను" అని రాసి, విధానాన్ని శాశ్వతం చేయాలనీ, ఆ డ్రైవర్ని సత్కరించాలనీ కోరారు.

సత్కార సభకి మంత్రిగారు ముందురోజే బయలుదేరి వేళకి వచ్చారు. భద్రరావు మెడలో దండ వేసి, "మాట్లాడవయ్యా" అని మైకు ఇచ్చారు. భద్రరావు ఎదురుగా చూశాడు. ముందు వరసలో మెహర్. ఆమె పక్కన సువార్తమ్మ. ఒప్పేసుకుంటే ఉద్యోగం పోతుంది. ఒప్పుకోకపోతే బండ్లన్నీ ఇలాగే పాకుతాయి.

"అయ్యా, నేను ఒకటో గేర్లో రాలేదండి" అన్నాడు. "అయిదు గేర్లూ వాడానండి. ఎన్ని సార్లు మార్చానో నాకే గుర్తు లేదండి. డైరెక్టరుగోరు కంగారు పడతారని అబద్దం చెప్పానండి. ఒకటో గేర్లో వచ్చుంటే డైరెక్టరుగోరు ఇయ్యాల ఈ కుర్చీలో ఉండేవోరు కాదండి. నేలపాటి సూరమ్మ ఉందాండి? లేదండి. మార్చడం నేర్పండయ్యా. మానెయ్యమనకండి."

విరూపాక్షం గారు నెమ్మదిగా లేచారు.

"అసంభవము" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నేను ఆ వాహనములో ఉంటిని. గేరు మార్చినచో నాకు తెలియకుండునా?"

మంత్రిగారు అటు చూశారు, ఇటు చూశారు. విచారణకి ఆదేశించారు.

*

విచారణాధికారిగా దొడ్డిపట్ల జగదాంబ గారు వచ్చారు. ఇంకొద్ది రోజుల్లో రిటైరయ్యే మనిషి. మాటలు తక్కువ. భద్రరావు వాంగ్మూలం తీసుకున్నారు. మెహర్ మైదానంలో నేర్పిన సంగతి దాచకుండా చెప్పింది. విరూపాక్షం గారు తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ఒక్క కుదుపూ తగల్లేదని ప్రమాణం చేశారు. భద్రరావు ఇంటి దగ్గర బట్టల పెట్టె సర్దుకుని, కొత్త పని వెతుక్కోవడానికి సిద్ధపడ్డాడు.

తీర్పు చిన్నది. "కుదుపు లేకుండా గేరు మార్చుట అకాడమీ ఏర్పడిన నాటి నుండి నేటి వరకు ఎవరికీ సాధ్యపడినట్లు రికార్డులో లేదు. కుదుపు కలగనందున గేరు మార్చబడినట్లు రుజువు కాలేదు. డ్రైవరు వాంగ్మూలమును వినయముగా భావించి తోసిపుచ్చడమైనది. అతనిని యథాస్థానమునకు పంపవలెను."

ఏక గేరు విధానం అలాగే ఉండిపోయింది. విరూపాక్షం గారికి పదోన్నతి వచ్చింది. మెహర్ ఒప్పందాన్ని పొడిగించలేదు. ఆమె పెదలంకపాలెంలోనే ఆసుపత్రి ఎదురుగా చిన్న డ్రైవింగు స్కూలు పెట్టుకుంది. చుట్టుపక్కల సర్కారు డ్రైవర్లు సెలవు రోజుల్లో అక్కడికి వచ్చి పోతుంటారు. ఏం నేర్చుకుంటున్నారని ఎవరూ అడగలేదు. తిరిగి వెళ్ళాక వాళ్ళ బండ్ల మీద ఫిర్యాదు రాలేదు గనుక అడగవలసిన అవసరమూ కలగలేదు.

విచారణ ముగిసిన రోజున జగదాంబ గారు రైలు అందుకోవాలి. ఆమె జీపు స్టేషనుకి చేరేసరికి రైలు పోతుంది. ఆసుపత్రి ఆంబులెన్సు అటువైపే ఒక రోగిని దింపడానికి వెళుతుంటే ముందు సీటులో ఎక్కారు. గేరు కర్ర దగ్గర ఇనుప పలక లేదు. నాలుగు మేకు కన్నాలు మాత్రం ఉన్నాయి. ఆమె వాటిని చూశారు, చేతిసంచి ఒళ్ళో పెట్టుకున్నారు. బండి ఊరు దాటింది. కొబ్బరి తోటలు రెండు వైపులా గిర్రున తిరుగుతున్నాయి. వెనక రోగి గురక పెడుతున్నాడు.

"భద్రరావూ, ఇప్పుడు ఏ గేరులో ఉన్నాం?" అన్నారు జగదాంబ గారు.

భద్రరావు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఒకటోదేనండి."

"అలాగా" అన్నారామె, వెనక్కి జారగిలబడి కళ్ళు మూసుకుంటూ. "ఒకటోదే అయితే, ఇంకాస్త తొందరగా పోనీ. రైలు తప్పిపోయేలా ఉంది."